పట్టు పెరిగిందని రాశాను

జూన్ 3

కొత్త సూపరింటెండెంటు వచ్చింది. వచ్చీ రావడంతోనే నా మీద పడింది. పాతాయన నా రిపోర్టులు చదివేవాడు కాదు, సంతకం గీకి టీ తాగేవాడు. అంతకంటే మంచి అధికారి ఎక్కడ దొరుకుతాడు? ఈవిడ పోయిన నెల కాగితాలన్నీ ముందేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి నన్ను పిలిపించింది.

"ఏమండీ, అందరూ ఇంప్రూవ్డేనా? కాలు పడిపోయినాయనా ఇంప్రూవ్డే, భుజం విరిగినావిడా ఇంప్రూవ్డే. ఒక్క మాట పట్టుకుని ఇంతమందిని నెట్టుకొస్తున్నారే!"

"అందరూ ఎంతో కొంత బాగుపడుతూనే ఉన్నారండీ."

"ఆ ఎంతో కొంత అంటే ఎంత? ఫిజియో మీకు నోటితో చెబుతాడు, మీరు ఇంగ్లీషులో రాస్తారు, ఆయన చదవకుండా సంతకం పెడతాడు. వైద్యానికి డబ్బిచ్చే కమిటీ పేషెంటు మొహం చూడదు, మీ మాటే చూస్తుంది. ఆ మాట సరిగ్గా ఉండద్దూ?"

తలూపి వచ్చేశాను. చేతులూ కాళ్లూ పట్టు తప్పినవాళ్లకి వ్యాయామం చేయించే ఈ కేంద్రంలో ఇన్నేళ్లుగా నా ఇంగ్లీషుకి వంక పెట్టినవాళ్లు లేరు. ఆవిడ బల్ల మీద పెన్నులు కూడా పొడుగు ప్రకారం పేర్చి ఉన్నాయి. కొలబద్ద అని పేరు పెట్టేశాను, మనసులోనే.

జూన్ 5

కొలబద్ద క్లాసు పెట్టింది, నాకొక్కడికే. బోర్డు మీద ఇంగ్లీషు మాటలు రాసి చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. ఇంప్రూవ్ అంటే బాగాలేనిది కొంత బాగవడమట. ఎన్‌హాన్స్ అంటే ముందే బాగున్నదానికి ఇంకాస్త బాగు చేర్చడమట.

"అసలు లేనిదానికి ఏం చేరుస్తారు? కదలని వేలికి ఎన్‌హాన్స్ రాయకండి, నవ్విపోతారు."

పోయింది తిరిగొస్తే రికవర్. దారిలో ఉంటే ప్రోగ్రెస్, చేరినట్టు కాదు. అప్‌గ్రేడ్ మంచాలకీ మిషన్లకీ రాసుకోమంది. ఎమీలియరేట్ అనేది నొప్పులకి, ఇబ్బందులకి వాడతారట; అది రాస్తే కమిటీలో సగంమందికి తెలియదు కాబట్టి అసలే వద్దంది.

"మరి బెటరో?" అన్నాను, ఊరికే ఉండలేక.

"బెటర్ ఒంటరిగా నిలబడదు. పక్కన ఇంకోటి ఉండాలి. దేనికంటే బెటర్? అది చూపించగలిగితే రాయండి, లేకపోతే మానండి."

అన్నిటికీ మనవాళ్లు బాగుపడటం అని ఒక్క మాటతో సరిపెట్టుకుని హాయిగా బతికారు. వీళ్లకే వచ్చింది తంటా. మధ్యాహ్నమంతా తల దిమ్ముగా ఉంది.

జూన్ 8

ఫిజియో వరండాలో నన్ను ఆపాడు, పక్షవాతం వచ్చిన మా బావ సంగతి చెప్పడానికి.

"మీ బావగారి కాలు వచ్చేసిందండీ. చెయ్యి మోచేతి దాకా బాగానే ఉంది. వేళ్లే రావు. బొటనవేలికి పట్టు లేదు, ఇక రాదు కూడా. ఆ ముక్క ఈసారి రాసేయండి. కుడిచేతిలో ఇక మార్పు రాదని కాగితం మీద ఉంటేనే ఎడమచేతి గదిలో చేర్చుకుంటారు. ఎంత తొందరగా ఎడమచెయ్యి అలవాటు చేసుకుంటే అంత మంచిది."

"ఆయన కటింగ్ మాస్టరండీ. ఆ బొటనవేలితోనే కదా బతికింది."

"అందుకే తొందరగా అంటున్నాను" అన్నాడు.

మంచివాడే. కానీ దేవుడేం కాదు కదా. ఇక రాదని ఆయనకెవరు చెప్పారు?

జూన్ 9

అక్క ఇంటికి వెళ్లాను. బావ కుర్చీలో కూర్చుని పిండి ముద్దని కుడిచేత్తో పిసుకుతున్నాడు. అంటే పిసుకుతున్నానని అనుకుంటున్నాడు. ముద్ద ముద్దలాగే ఉంది.

"ఏరా బావమరిదీ, చూశావా? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా!"

"కనబడుతోంది బావా."

వంటింట్లో అక్క గొంతు తగ్గించి అడిగింది. "ఏమంటున్నాడ్రా మీ ఫిజియో?"

"కొంచెం టైము పడుతుందన్నాడు."

"టైముదేముంది, పడనీ. వాళ్లు మధ్యలో ఆపేయకుండా చూడు. రాసేది నువ్వే కదా, నాలుగు మంచి ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది?"

నిజమే, నా సొమ్మేం పోయింది.

జూన్ 10

ప్రోగ్రెసింగ్ అని రాశాను. అబద్ధమేం కాదు. దారిలో ఉంటే చాలని కొలబద్దే చెప్పింది. ఏ దారో అడగలేదుగా.

రిపోర్టుని పేషెంటుకి తన భాషలో చదివి వినిపించి సంతకం తీసుకోవాలని ఇక్కడ మొదట్నుంచీ ఉన్న పద్ధతి. బావకి చదివాను: "కుడిచెయ్యి క్రమంగా దారికొస్తోంది." బావ ఎడమచేత్తో సంతకం పెట్టాడు. కోడి కెలికినట్టుంది.

"దీన్ని చూసి నవ్వకురా. కుడిచేత్తో పెట్టే రోజొస్తుంది, అప్పుడు చూద్దువుగాని నా సంతకం."

ఫిజియో ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టి, "రాశారుగా?" అన్నాడు.

"రాశానండీ" అన్నాను. రాశాను కదా మరి.

జూన్ 13

ఒకచోట కూర్చోబుద్ధి కావడంలేదు. ఆఫీసులో కుర్చీ మార్చాను. కిటికీ పక్కకి జరిగాను. అక్కడ ఎండ. మళ్లీ పాతచోటికే వచ్చాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేమిటని గుమాస్తా అడిగాడు.

జూన్ 19

ఎదుటి గదిలోంచి ఎడమచేతివాళ్లు కనిపిస్తారు. గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం నేర్పుతారు. పెద్దపెద్ద మనుషులు నాలుక బయటపెట్టి పలక మీద అక్షరాలు దిద్దుతుంటారు. బావని అక్కడ ఊహించుకోలేను. ఏ మనిషినైనా ఒక్కసారి ఎగాదిగా చూసి, టేపు పెట్టకుండా భుజం కొలత చెప్పే మనిషి. నా మొదటి ప్యాంటు కోసింది ఆయనే. అక్క పెళ్లయిన కొత్తలో నన్ను కటింగ్ బల్ల మీద నిలబెట్టి, "మా బావమరిది దొరబాబులా ఉండాలి" అన్నాడు. సుద్దతో గీత గీస్తే మళ్లీ దిద్దేవాడు కాదు.

ఆ గదిలోకి వెళ్లడమంటే కుడిచేతికి నీళ్లొదలడమే. ఇంకో నెల చూస్తే కొంపలేం మునగవు.

జూలై 1

"మీ బావగారిని ఇంకా ఎడమచేతి గదికి పంపలేదేంటండీ?" అన్నాడు ఫిజియో.

"కమిటీ నుంచి రాలేదండీ."

నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

జూలై 4

పొద్దున్న నుంచీ మాటలు వెతుకుతున్నాను. ఈ నెల కూడా ప్రోగ్రెసింగ్ అంటే కొలబద్ద ఊరుకోదు. దారిలో ఉన్నవాడు నెలరోజుల్లో ఎంతోకొంత ముందుకి జరగాలిగా అంటుంది. ఇంప్రూవ్డ్ అంటే ఏం ఇంప్రూవైందో రాయమంటుంది. రికవరింగ్ మరీ పెద్ద మాట. చిన్నగా, మెత్తగా, ఎవరికీ గుచ్చుకోని మాట ఒకటి కావాలి. ఒకటి రాయడం, కొట్టేయడం. గుమాస్తా నా బుట్ట చూసి కాగితాలకి కరువొస్తుందన్నాడు.

జూలై 8

ఎన్‌హాన్స్‌డ్ గ్రిప్.

రాశాను. మోచేతి బలం పెరిగింది, అది ఫిజియో చెప్పిందే. ఆ బలం చేతిలోకి కూడా కొంత వస్తుందిగా. కొలబద్ద చదివి నా వైపు చూసింది. "పట్టు ముందే బాగుందన్నమాట ఈయనకి?" అంది. అవునండీ అన్నాను. టిక్కు పెట్టింది. ఈ పేషెంటు మా బావ అని ఆవిడకి తెలియదు.

బావకి చదివాను: "చేతి పట్టు ఇంకా పెరిగింది."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. బావ కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో అయినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నాకు తెలియడంలేదు గానీ... మీకు కొలిచే మిషన్లు ఉంటాయిగా. మీకు తెలుస్తుంది." మళ్లీ తనే, "కత్తెర పట్టొచ్చంటావా?" అన్నాడు.

"ఎందుకు పట్టలేవు బావా!"

ఎంత ఉషారుగా అన్నానో. ఆయన మొహం చూడాలి అప్పుడు. పడిపోయిన తర్వాత ఆ నవ్వు చూడటం ఇదే మొదలు. ఆ ఒక్క నవ్వు కోసం ఏ మాటైనా రాయొచ్చు.

జూలై 14

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. రాయలేను.

జూలై 15

బావ తను పనిచేసిన టైలరు షాపుకి, సెలవు రోజు చూసుకుని వెళ్లాడు. అక్కకి గుండీలు కొనుక్కొస్తానని చెప్పాడట. కాజాలు కుట్టే తాతని తాళం అడిగితే, మాస్టరు మళ్లీ వచ్చాడన్న సంబరంలో ఆయన తలుపు తీసి, టీ తేవడానికి వెళ్లాడు. బల్ల మీద ఎవరిదో కోటు బట్ట పరిచి ఉంది. సుద్ద గీతలు వేరే ఎవరో గీసినవి. బావ ఆ గీతలు చూసి, "ఇలాగా గీసేది!" అనుకుని ఉంటాడు. నాకు తెలుసు ఆయన సంగతి.

పెద్ద కత్తెర. ఇనుపది. కుడిచేత్తో ఎత్తాడు. మోచేతి దాకా బలం ఉందిగా, ఎత్తగలిగాడు. ఎడమచేత్తో బట్ట పట్టుకున్నాడు. బొటనవేలు వదిలేసింది. మొన వెళ్లి ఎడమచేతి మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగింది.

తాత టీ గ్లాసులతో వచ్చేసరికి బావ నేలమీద కూర్చుని, నెత్తురు కారే చేతిని బట్టకి తగలకుండా పైకెత్తి పట్టుకుని ఉన్నాడట. "బట్ట పాడవలేదు చూడు తాతా" అన్నాడట ముందు.

కుట్లు పడ్డాయి. బాగున్న చెయ్యి అదొక్కటే.

జూలై 16

నేను పొమ్మన్నానా?

జూలై 17

కట్టు చూడ్డానికి బావని కేంద్రానికి తీసుకొచ్చాను. ఫిజియో కేకలేశాడు.

"బొటనవేలు రాదని చెప్పాక కూడా కత్తెర ఎలా పట్టుకున్నారండీ? ఎవరు పట్టమన్నారు?"

బావ నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను. నేను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను.

"రిపోర్టు చదివి వినిపించారు లెండి. నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదు. దర్జీవాణ్ణి, ఇంగ్లీషు వ్యవహారం నాకేం తెలుస్తుంది" అన్నాడు బావ.

నేను చదివింది తెలుగులోనే.

బయటికొచ్చి బస్సెక్కాం. టికెట్టు తీసుకోబోతే నా జేబులోంచి చిల్లర కింద పడింది. వంగి ఏరుతుంటే, "మెల్లగా, తొందరేం లేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

జూలై 18

అక్క ఆయనకి అన్నం తినిపిస్తోంది. చిన్నపిల్లాడికి పెట్టినట్టు ముద్దలు చేసి. బావ నన్ను చూసి, "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని సామెత. నాకు ఆకు పట్టుకోవడానికి కూడా చెయ్యి లేదురా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వంటింట్లో అక్క దగ్గర కూలబడ్డాను. "అక్కా, ఫిజియో జూన్లోనే చెప్పాడే. ఆ చెయ్యి రాదని..."

"నాకు తెలుసురా."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? రోజూ ఆ చేతికి నూనె రాసేదాన్ని. నేను పట్టుకుంటే తిరిగి పట్టుకోదు. ఆ మాత్రం తెలియదా?" గిన్నె తోముతూనే ఉంది. "నువ్వు మంచిమాట చెబుతుంటే వినాలనిపించేది. నేనే కదరా రాయమన్నది."

ఇద్దరం ఏడ్చాం. ముందుగదిలోంచి బావ, "అక్కాతమ్ముళ్లిద్దరూ గిన్నెలు అరగదీస్తున్నారా?" అని అరిచాడు.

జూలై 25

బావమరిది బతకగోరతాడని సామెత. నేను కోరిన బతుకు ఇదీ.

ఆగస్టు 1

ఆఫీసులో మాటల బోర్డు ఇంకా అలాగే ఉంది. ఎవరూ తుడవలేదు. దానికి వీపు పెట్టి కూర్చున్నా ఉన్నట్టే ఉంటోంది. ఇన్ని మాటలున్నాయి, అన్నీ పైకెక్కేవే. ఎక్కనివాడికి ఒక్కటీ లేదు.

ఆగస్టు 6

రాశాను. కుడిచెయ్యి వేళ్లలో మార్పు లేదు. ఇక రాదు. ఎడమచేతి శిక్షణ ఇవ్వాలి. అంతే, కాగితం సగం ఖాళీ.

కొలబద్ద రెండు నెలల కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"పోయిన నెల ఎన్‌హాన్స్‌డ్. ఈ నెల మార్పే లేదు. ఏది నిజం?"

"ఈ నెలదండీ."

"మరి పోయిన నెలది?"

"ఆయన మా బావండీ."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కేకలేస్తుందనుకున్నాను.

"మెమో ఇస్తాను" అంది. "ఇంకోటి. ఎడమచేతి గదిలో మీ బావగారి రిపోర్టు కూడా మీరే రాయాలి. ఫిజియో చెబితే కాదు. రోజూ ఓ గంట ఆయనకి ఎదురుగా కూర్చుని, కళ్లతో చూసి రాయండి."

మెమో ఫరవాలేదు. రెండోదాని బదులు ఇంకో మెమో ఇచ్చినా తీసుకునేవాణ్ణి.

ఆగస్టు 7

బావకి చదివి వినిపించాలి. రెండుసార్లు ఇంటి గుమ్మం దాకా వెళ్లి, బీడీల కొట్టు దాకా వెనక్కి నడిచాను. మూడోసారి కిటికీలోంచి ఆయనే పిలిచాడు.

"వీధి కొలుస్తున్నావేంట్రా? లోపలికి రా."

చదివాను.

"మార్పు లేదు, ఇక రాదు. అంతేనా?"

"అంతే బావా."

"పోయినసారి రెండుసార్లు చదివించుకున్నాను. అయినా చెయ్యి నమ్మలేదురా. నువ్వు చదివావు కాబట్టి నేను నమ్మాను." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. కోపం ఉంది గొంతులో. ఇప్పటికి వచ్చింది. "నా చేతి సంగతి నాకు చెప్పడానికి నీకు భయమేస్తే, ఇంకెవరు చెబుతార్రా?"

"తప్పయిపోయింది బావా."

"అయింది. సరే. సంతకం ఎక్కడ?"

ఎడమచేతికి కట్టు. కుడిచేతి బొటనవేలు నేనే పట్టుకుని సిరా అద్ది కాగితం మీద నొక్కాను. ఆ వేలు నా చేతిలో బరువుగా, వెచ్చగా ఉంది. తిరిగి పట్టుకోలేదు. ఇన్ని నెలల్లో ఆ చేతిని నేను ఒక్కసారి కూడా పట్టుకుని చూడలేదు.

ఆగస్టు 27

గాయం పూర్తిగా మానింది. ఎడమచేతి గది. కాజాల తాత ఎక్కడెక్కడో తిరిగి ఎడమచేతివాళ్ల కత్తెర తెచ్చాడు. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే బట్ట నలుగుతుందట, తెగదట. బావ దాన్ని తిప్పితిప్పి చూసి, "అద్దంలో కత్తెరలా ఉంది" అన్నాడు.

పాత న్యూస్‌పేపర్ కోశాడు. గీత ఒకవైపు, కోత ఒకవైపు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. లేచిపోవాలనిపించింది. లేవలేదు.

సెప్టెంబరు 9

రిపోర్టులో ఏం రాయను అని బావనే అడిగాను.

"వంకరగా కోశాడని రాయి."

అలాగే రాశాను. కొలబద్ద ఏ మాటా దిద్దకుండా టిక్కు పెట్టింది.

సెప్టెంబరు 20

బావకి ఇవాళ చిరాకెక్కింది. కత్తెర విసిరికొట్టాడు. "నీకేంరా, కూర్చుని చూస్తావు!" అని అరిచాడు. అరవనీ. కత్తెర ఏరి తెచ్చి బల్ల మీద పెట్టాను. కాసేపటికి మళ్లీ తీసుకున్నాడు.

అక్టోబరు 2

"చొక్కా విప్పు" అన్నాడు.

"ఎందుకు?"

"కొలతకి ఆది కావాలి. మొదటి చొక్కా నీకే కోస్తాను. ఎవరో ముక్కూమొహం తెలియనివాడి బట్ట పాడుచెయ్యడం ఎందుకు, పాడుచేస్తే నీదే చేస్తాను. నాకు బాకీ ఉన్నావు."

బనీనుతో కూర్చున్నాను. గదిలో అందరూ నవ్వారు.

అక్టోబరు 15

కోత బావది, మిషను అక్కది. చొక్కా తయారైంది. ఎడమ చెయ్యి పొట్టి, కాలరు ఒక చెవి పైకి లేచి ఉంది. "దొరబాబులా ఉన్నావు" అంది అక్క, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఆఫీసుకి వేసుకెళ్లాను. గుమాస్తా, "ఎవడండీ ఆ దర్జీ, పట్టుకుని తన్నాలి" అన్నాడు. మా బావ అన్నాను. వాడు నాలుక్కరుచుకున్నాడు.

నవంబరు 11

రెండో చొక్కా వచ్చింది.

అక్క ఇంట్లో రెండిటినీ తీగ మీద పక్కపక్కన తగిలించాం. బావ దూరంగా నిలబడి, కన్ను చిట్లించి చూశాడు, కొత్త గిరాకీని చూసినట్టు. రెండోదానికీ ఎడమ చెయ్యి పొట్టే. మొదటిదాని కంటే తక్కువ పొట్టి. కాలరు మాత్రం దారికొచ్చింది.

"ఇంక ఈ మొదటిదెందుకురా, చూస్తే కడుపు తరుక్కుపోతోంది. మసిగుడ్డ చేస్తాను" అంటూ అక్క చెయ్యి పెట్టింది.

"ముట్టుకోకక్కా!" అని అరిచాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "అది పక్కన లేకపోతే నేనేం రాయను?"

బల్ల దగ్గర కూర్చుని నెల రిపోర్టు రాశాను. ఒక్క మాట చాలింది, కొట్టివేత లేదు. బెటర్. చదివి వినిపించాను: "మొదటిదానికంటే రెండోది మేలు."

బావ తీగ దగ్గరికి వెళ్లి, మొదటి చొక్కా చెయ్యీ రెండోదాని చెయ్యీ పక్కపక్కన పెట్టి, తన ఎడమచేతి వేళ్లతో కొలిచాడు.

"ఆఁ, మేలే" అన్నాడు. "పెన్ను ఇలా తే."